ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటులో పాత ఉత్తర్వు తెరవడం ఎలా?

నమస్కారం. ఒక ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటులో పాత ఉత్తర్వు ప్రతి కోసం మూడు రోజులుగా తంటాలు పడుతున్నాను. తెలిసినవారు దారి చూపగలరు.

వెతికే పెట్టెలో ఉత్తర్వు సంఖ్య కొడితే ‘ఫలితాలు లేవు’ అని వస్తోంది. తేదీల వారీ జాబితాలో మాత్రం అది ఉంది, కళ్లారా చూశాను. దానిమీద నొక్కితే ఖాళీ పేజీ తెరుచుకుంటోంది. వెనక్కి వెళ్తే ఎంచుకున్న శాఖ, సంవత్సరం అన్నీ చెరిగిపోయి కథ మళ్లీ మొదటికి! ఇక క్యాప్చా (బొమ్మలో కనిపించే అక్షరాలు, అంకెలు చూసి కొట్టమనే పరీక్ష) సంగతి చెప్పనక్కరలేదు. అది సున్నానో ‘ఓ’ అక్షరమో పోల్చుకునేలోపే గడువు తీరిందంటూ బయటికి నెట్టేస్తోంది.

అదే జాబితాలో ఇంకో ఉత్తర్వు తెరుచుకుంది. అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరేచోట అతికిస్తే తెలుగుకు బదులు పిచ్చి గీతలు వచ్చాయి. యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతి) రాకముందు వాడిన ఫాంటులో టైపు చేసి ఉంటారు. పేరుతో వెతికినా దొరకకపోవడానికి ఇదే కారణమని నా అనుమానం.

పాప్‌అప్‌లకు అనుమతి ఇచ్చాను, బ్రౌజర్ మార్చాను, ఫోను వదిలి కంప్యూటర్‌లోనూ ప్రయత్నించాను. గూగుల్‌లో ఆ సైటు వరకే పరిమితం చేసి వెతికితే మొదటి పేజీ తప్ప ఏమీ రాలేదు.

ఖాళీ పేజీ వెనుక అసలు ఫైలు ఉందో లేదో తెలుసుకునే మార్గం ఉందా? లేకపోతే ఎవరికి రాయాలి, సైటు నిర్వాహకులకా, ఉత్తర్వు ఇచ్చిన శాఖకా? ‘సంప్రదించండి’ పేజీలోని ఈమెయిల్‌కు రాస్తే ఉత్తరం తిరిగొచ్చింది.