కొత్తగా సైకిల్ మొదలుపెట్టినవాళ్లకు క్లీట్ షూస్ కావాలా, వద్దా? నాకింకా గేర్లే చేతికి రాలేదు

నార్సింగి_నీడ:
అందరికీ నమస్కారం. చిన్నప్పుడు ఊళ్లో నాన్న సైకిల్ మీద అడ్డ తొక్కుడు తొక్కినదాన్నే. పెళ్లి, ఉద్యోగం, పిల్లలు, ఆ తర్వాత మళ్లీ హ్యాండిల్ ముట్టుకోలేదు. ఇప్పుడు ఒక హైబ్రిడ్ (మామూలు రోడ్డుకీ, కాస్త గతుకులకీ పనికొచ్చే గేర్ల సైకిల్) కొన్నాను. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఎనిమిది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, 2023లో తెరిచారు, 23 కిలోమీటర్లు. అక్కడ హాయిగా తొక్కుతాను. బండ్లు రావు, ఎండ తగలదు. ట్రాక్ దిగి మామూలు రోడ్డెక్కితే మాత్రం భుజాలు బిగుసుకుపోతాయి. సిగ్నల్ దగ్గర ఆగితే ఏ గేర్లో ఉన్నానో తెలియదు. పచ్చలైటు పడ్డాక పెడల్ కిందికి దిగదు. వెనక ఆటో హారన్ మోత.

సర్వీసింగ్‌కి ఇచ్చిన షాపులో "క్లీట్ షూస్ వేసుకోండి మేడమ్, అడుగునున్న క్లీట్ అనే బిళ్ల పెడల్‌లో ఇరుక్కుంటుంది, కాలు పెడల్‌కి అతుక్కుని ఉంటుంది, కాన్ఫిడెన్స్ దానంతటదే వస్తుంది" అన్నారు. మా ఆదివారం గ్రూపులో సగం మంది సై అన్నారు, సగం మంది నై అన్నారు. షూసూ పెడల్సూ కలిపితే తక్కువేం కాదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

చైన్‌నూనె:
వద్దమ్మా. ఇప్పుడే వద్దు. దీన్నే నేల విడిచి సాము అంటారు.

మీరు రాసిన కష్టాలు మళ్లీ చదువుకోండి. కాలు పెడల్ మీంచి జారుతోందని ఎక్కడా రాయలేదు. ఆగడం, కదలడం, గేరు, ఇవే మీ బాధ. ఈ మూడింటికీ క్లీట్లతో సంబంధం లేదు. పైగా ఆగిన ప్రతిసారీ కాలు ఊడదీసుకోవడం అనే నాలుగో పని నెత్తిన పడుతుంది.

గేరు సంగతి చెప్తాను, ఇది వస్తే సగం భయం పోతుంది. ఎడమచేతి వైపు ఉన్న లీవర్‌ని కొన్నాళ్లు మర్చిపోండి. ముందు మధ్య చక్రం మీద చైన్ పెట్టేసి వదిలేయండి. కుడిచేత్తోనే పని. కుడివైపు 1 అంటే వెనక అన్నిటికన్నా పెద్ద చక్రం, తొక్కడానికి అన్నిటికన్నా తేలిక. 8 అంటే బరువు. చైన్ కదులుతుంటేనే గేరు మారుతుంది, ఆగిపోయాక లీవర్ ఎంత నొక్కినా లాభం లేదు. కాబట్టి సిగ్నల్ దూరంగా కనబడగానే, కాళ్లు ఇంకా తిరుగుతుండగానే, 2కో 3కో దించేయాలి. దించేటప్పుడు పెడల్ మీద బరువు కొంచెం తగ్గించండి. గట్టిగా తొక్కుతూ మారిస్తే కటకటమంటుంది, చైన్ పడిపోనూ పడిపోవచ్చు. ఆగాక ఒక పెడల్‌ని ముందుకి, కొంచెం పైకి తెచ్చి పెట్టుకోండి. పచ్చలైటు పడగానే ఆ పెడల్ మీద నిలబడితే చాలు, సైకిల్ కదులుతుంది.

ఆ షాపాయన కాన్ఫిడెన్స్ పేరుతో షూస్ అమ్ముతున్నాడు, అంతే.

బీచ్‌రోడ్_ఎదురుగాలి:
గేరు గురించి చైన్‌నూనె గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. క్లీట్ల గురించి మాత్రం పాత పాటే పాడుతున్నారు.

నేను వైజాగ్‌లో తొక్కుతాను. ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా వెళ్లి రండి, సముద్రం మీంచి ఎదురుగాలి కొడుతుంటే కాలు ఒక్క తీరుగా తిరగడం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. వానలో పెడల్ జారి కాలి ముందు ఎముక గీసుకుపోయినవాళ్లని అడగండి. గతుకుల్లో పాదం ఎగిరిపడదు, ప్రతిసారీ ఒకే చోట ఉంటుంది. సైకిల్ మన మాట వింటోందన్న ధైర్యం అక్కడే పుడుతుంది.

ఇక కాలు ఊడి రాదేమోనన్న భయం. షిమానో కంపెనీ క్లీట్ పెడల్స్‌ని ఎస్‌పీడీ అంటారు, వాటికి రెండు రకాల క్లీట్లున్నాయి. మామూలుగా పెడల్స్‌తో పాటు డబ్బాలో వచ్చేది ఎస్‌హెచ్51, మడమ పక్కకి తిప్పితేనే ఊడుతుంది. విడిగా కొనుక్కునేది ఎస్‌హెచ్56, దాని మీద ఎం అని ఉంటుంది. కంగారులో కాలు ఎటు లాగినా వచ్చేస్తుంది. పెడల్ మీదున్న చిన్న స్క్రూతో పట్టు కూడా వదులు చేసుకోవచ్చు. గోడకి ఆనుకుని ఒక సాయంత్రం పెట్టడం, తీయడం అలవాటు చేసుకుంటే చాలు. "భయం పోయాక నేర్చుకుందాం" అనుకునేవాళ్లు జన్మలో నేర్చుకోరు.

లుక్ కంపెనీ రేసు సైకిళ్లకి ఇలా క్లీట్ ఇరుక్కునే పెడల్ తెచ్చింది 1984లో. మరుసటేడే ఫ్రాన్స్ రేసర్ బెర్నార్ ఇనో వాటితో టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఆ తర్వాత రేసుల్లో తోలుపట్టీల పెడల్స్ కాలం చెల్లిపోయింది. ఊరికే చెల్లలేదు కదా?

అద్దెసైకిల్_గుంటూరు:
మా వీధి పాలాయన రెండు వైపులా క్యాన్లు కట్టుకుని, హవాయి చెప్పులతో, ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూ వెళ్తాడు. ఆయనకి ఏ క్లీట్ ఇప్పిస్తారు సార్?

బీచ్‌రోడ్_ఎదురుగాలి:
పాలాయన 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు ముగించాల్సిన దూరపు సవారీ) తొక్కడు గురువుగారూ. పదమూడున్నర గంటల్లో ముగించాలంటే పాదం నిలకడగా ఉండాల్సిందే.

చైన్‌నూనె:
అడిగినావిడ కూడా తొక్కడం లేదు కదా బాబూ! బ్రెవే గురించి ఇక్కడెవరడిగారు?

ఇనోకి రేసులో సిగ్నల్ పడదు. ముందు ఆర్టీసీ బస్సు ఆగదు, ఎడమ పక్కనుంచి స్విగ్గీ కుర్రాడు దూరడు. రేసువాళ్లకి పనికొచ్చింది కాబట్టి నార్సింగి జంక్షన్‌లో పనికొస్తుందనడం ఏం లెక్క?

ఇంకో మాట. "కాలు పైకి లాగేటప్పుడు కూడా శక్తి వస్తుంది" అని ప్రతి గ్రూపులో ఒకరు చెప్తుంటారు, మీరు చెప్పకపోయినా ఆవిడ వినే ఉంటుంది. 2007లో దీని మీద ఒక ప్రయోగం చేశారు. సైక్లిస్టుల్ని కాలు పైకి లాగుతూ తొక్కమంటే పెడల్ మీద బలం పడే తీరు మెరుగ్గానే కనిపించింది గానీ, అదే పనికి ఒంట్లో శక్తి ఇంకా ఎక్కువ ఖర్చయింది. మామూలుగా తొక్కుతున్నప్పుడు అసలు పని చేసేది కిందికి తొక్కే కాలే.

వానలో జారుతుందన్నారు, దానికి పిన్నులున్న ఫ్లాట్ పెడల్స్ (క్లీట్ అక్కర్లేని చదును పెడల్స్) ఉన్నాయి. అడుగు చదునుగా, మరీ మెత్తగా లేని షూస్ వేసుకుంటే ఆ పిన్నులు పట్టేసుకుంటాయి. ఖర్చు మీరు చెప్పేదాంట్లో చిన్న ముక్క.

ఐంద్‌హోవెన్_తెలుగబ్బాయి:
నేనుండేది నెదర్లాండ్స్‌లో. ఇక్కడ మా ప్రొఫెసర్లు మామూలు బూట్లతోనే వానలో, గాలిలో డిపార్ట్‌మెంట్‌కి వస్తారు. మెరిసే బట్టలేసుకుని రేసు సైకిల్ తొక్కేవాళ్లే క్లీట్లు వాడతారు. కానీ ఒకటి, ఇక్కడ సైకిల్‌కి దారి వేరే ఉంది. ఆ ధైర్యంలో సగం ఆ దారిదే. మన ఊళ్లో తొక్కేవాళ్లకి ఆ సగం ఎక్కణ్ణుంచి తెస్తాం?

శనివారం_సవారీ:
అక్కా, నేను క్లీట్లు వాడతాను, ఇష్టం కూడా. అయినా మీకు వద్దనే చెప్తాను.

క్లీట్లతో పడేది వేగంలో ఉన్నప్పుడు కాదు, ఆగినప్పుడు. మా గ్రూపులో ఒకతను గచ్చిబౌలిలో రెడ్ సిగ్నల్ దగ్గర చక్కగా బ్రేకేసి ఆగాడు. ఎడమ కాలు ముందే ఊడదీసి రెడీగా పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే పక్క బైకు హ్యాండిల్‌కి తగిలింది, సైకిల్ కుడివైపుకి వాలింది. ఆ కాలేమో ఇంకా పెడల్‌లోనే ఉంది. కూర్చున్నవాడు కూర్చున్నట్టే మెల్లగా, అందరూ చూస్తుండగా పడిపోయాడు. దెబ్బ మోచేతికే తగిలింది, అదృష్టం. మన దగ్గర కుడివైపంటే బండ్లు పోయే వైపు. ఎస్‌హెచ్56 ఉన్నా అంతే, కాలు లాగాలన్న సంగతి బుర్రకి తట్టాలి కదా. కొత్తలో బుర్ర మొత్తం గేరు మీదా, హారన్ మీదా ఉంటుంది.

మోకాలి సంగతి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. క్లీట్ నాలుగు మిల్లీమీటర్లు అటూ ఇటూ బిగిస్తే మోకాలు ప్రతి తిప్పుకీ ఒకే తప్పు కోణంలో తిరుగుతుంది. నలభై దాటిన మోకాళ్లు దాన్ని ఊరుకోవు. ఫ్లాట్ పెడల్ మీద పాదం తనకి కావల్సిన చోటు తనే వెతుక్కుంటుంది.

అసలు రోడ్డు మీద ధైర్యం ఇచ్చేవి వేరు. వెనక్కి తిరిగి చూసినా సైకిల్ గీత తప్పకూడదు. కుడిచెయ్యి చాపి సైగ చేసేటప్పుడు ఎడమచేత్తోనే హ్యాండిల్ నిలవాలి. ఈ రెండూ ట్రాక్ మీదే నేర్చుకోవచ్చు, తెల్ల గీత మీద చక్రం పెట్టి భుజం మీంచి వెనక్కి చూడండి. మొదట్లో మన మొహం ఎటు తిరిగితే హ్యాండిల్ కూడా అటే పోతుంది. మోచేతులు వదులుగా ఉంచితే పోదు. ఇది రాకుండా షూస్ మారిస్తే, అదే భయంతో ఖరీదైన షూస్‌లో తొక్కుతారు.

బీచ్‌రోడ్_ఎదురుగాలి:
గచ్చిబౌలి ఉదాహరణ ఒప్పుకుంటాను. ఒక వైపు ఫ్లాట్, రెండో వైపు ఎస్‌పీడీ ఉండే పెడల్స్ ఉన్నాయి కదా, అవి వేసుకుంటే? సిటీలో ఫ్లాట్, ట్రాక్ మీద క్లీట్.

చైన్‌నూనె:
సిగ్నల్ దగ్గర కాలు పెట్టేసరికి ఎప్పుడూ కావాల్సిన వైపు కిందికే ఉంటుంది. కొత్తవాళ్లు పెడల్ వైపు చూస్తారు, రోడ్డు చూడరు. వద్దు.

నార్సింగి_నీడ:
అందరికీ థాంక్స్. కుడిచేతి చిట్కా ఈరోజు పొద్దున చూశాను చైన్‌నూనె గారూ. సిగ్నల్‌కి ముందే 2కి దించాను, ఆటో హారన్ కొట్టేలోపే కదిలాను! ప్రస్తుతానికి పిన్నుల పెడల్స్ ఆర్డర్ పెట్టాను. ఇంట్లోనే మార్చుకుందామని కుడివైపు పాత పెడల్ తీశాను గానీ, ఎడమది ఎంత తిప్పినా ఊడట్లేదు. మా ఆయన కూడా ప్రయత్నించారు, ఇంకా బిగుసుకుంది. తుప్పు పట్టిందా?

చైన్‌నూనె:
తుప్పు కాదు, ఆయనకి చెప్పి ఆపించండి ముందు! ఎడమ పెడల్‌కి మరలు తిరగేసి ఉంటాయి. 15 స్పానర్ పెడల్ ఇరుసుకి పెట్టి నిటారుగా పైకి నిలబెట్టండి. ఏ వైపు పెడలైనా సైకిల్ వెనక చక్రం వైపు తోస్తే ఊడుతుంది, ముందు చక్రం వైపు తోస్తే బిగుస్తుంది. కొత్తవి ఎక్కించేటప్పుడు మరలకి కొంచెం గ్రీజు రాయండి. ఎల్, ఆర్ అని రాసి ఉంటుంది, చూసి మొదట వేళ్లతోనే తిప్పండి. వేళ్లతో ఎక్కకపోతే వంకరగా పోతోందన్నమాట, స్పానర్‌తో బలవంతం చేస్తే క్రాంక్ (పెడల్ బిగించే కమ్మీ) మర పోతుంది.

బీచ్‌రోడ్_ఎదురుగాలి:
పాత పెడల్స్ పారేయకండి మేడమ్. వచ్చే చలికాలం ఇదే ప్రశ్న మళ్లీ అడుగుతారు, అప్పుడు నేనే సమాధానం చెప్తా, చైన్‌నూనె గారు కాదు.