ఆర్‌హెచ్ నెగటివ్ తల్లి: ఇంజెక్షన్ అందరికీనా, బిడ్డ జన్యువు చూశాకా?

గోదారిగాలి:
నాది ఓ నెగటివ్, మావారిది బి పాజిటివ్. 26వ వారం. 28లో యాంటీ-డి ఇంజెక్షన్ వేయించుకోమన్నారు, పాజిటివ్ బిడ్డ రక్తంలోని ‘డి’ మీద నా ఒంట్లో యాంటీబాడీలు పుట్టకుండా (ఆ ‘డి’ ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్). డెన్మార్క్‌లో 2010 నుంచి తల్లి రక్తంలో తిరిగే బిడ్డ డీఎన్‌ఏ చూసి, బిడ్డ పాజిటివ్ అయితేనే వేస్తున్నారట. మనకెందుకు లేదు?

పాతస్టెత్:
ఉండాలనే నేనూ అంటాను. ఈ మందు ఎక్కువగా దాతల ప్లాస్మా నుంచే తీస్తారు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ 1,100 సార్లకు పైగా ఇచ్చాడు. అలాంటివాళ్లు ఊరికొకరు దొరకరు కదా.

లెక్కలపంతులు:
అక్కడి లెక్క ఇక్కడ కుదరదండీ. యూరప్‌లో నెగటివ్‌లు సుమారు 15 శాతం. నెగటివ్ కావాలంటే అమ్మ నుంచీ నాన్న నుంచీ ‘డి’ లేని జన్యువే రావాలి. అంటే జన్యువుల్లో ‘డి లేనిది’ 39 శాతం (0.39 × 0.39 సుమారు 0.15). వంద మంది నెగటివ్ తల్లుల్లో 39 మంది బిడ్డలు నెగటివే, ఇంజెక్షన్ అక్కర్లేదు. మన దగ్గర నెగటివ్‌లు 5 శాతమే, కాబట్టి అది 22కి పడిపోతుంది. అందులో ఐదుగురికి భర్త కూడా నెగటివే, ఆ సంగతి ఆయన బ్లడ్ గ్రూప్ కార్డే చెప్తుంది. మిగిలింది 17. ఆ 17 ఇంజెక్షన్లు తప్పించడానికి 95 మందికి జన్యు పరీక్ష!

చిన్నక్క:
మీరు పైసలు లెక్కేస్తున్నారు. మా అక్కకి మొదటిసారి అబార్షన్ అయితే ఎవరూ ఇంజెక్షన్ మాటే ఎత్తలేదు. రెండోసారికి ఐసీటీ (తల్లి రక్తంలో ఆ యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే పరీక్ష) పాజిటివ్. బాబు పుట్టిన రోజే పచ్చబడ్డాడు. బొడ్డులో సన్న గొట్టం పెట్టి, పది మి.లీ. రక్తం తీయడం, పది మి.లీ. ఎక్కించడం, మళ్లీ తీయడం. గ్లాసు తలుపు ఇవతల నిలబడి చూశాను. పరీక్ష పొరపాటున ‘నెగటివ్’ అని చెప్తే ఎవరిది పూచీ?

పాతస్టెత్:
మీ భయం అర్థమైంది. తట్టు రాకుండా కాపాడే యాంటీబాడీ మాయలో ఏ దారిన బిడ్డకి చేరుతుందో, బిడ్డ రక్తాన్ని దెబ్బతీసే ఈ యాంటీబాడీ కూడా ఆ దారినే చేరుతుంది. యాంటీబాడీలను అటు దాటించే ఎఫ్‌సీఆర్ఎన్ అనే గ్రాహకం మంచిదా చెడ్డదా అని చూడదు. కానీ పరీక్ష తప్పితే కాపాడే ఏర్పాటు ఒకటుంది: పుట్టగానే బొడ్డు రక్తంలో గ్రూప్ చూస్తారు. పాజిటివ్ అయితే 72 గంటల్లోపు ఇంజెక్షన్ వేస్తారు.

చిన్నక్క:
అది పుట్టాక. ఈలోగా తల్లి ఒంట్లో యాంటీబాడీ మొదలైపోతే?

పాతస్టెత్:
కొద్దిమందిలో అవుతుంది, ఒప్పుకుంటాను.

గోదారిగాలి:
ఇవాళే తెలిసింది, మా అత్తగారిది ఏ నెగటివ్. మాది మేనరికం కూడా.

లెక్కలపంతులు:
ముందే చెప్పకూడదా! అయితే మీవారి దగ్గర ‘డి’ ఒకటే ఉంది, రెండోది వాళ్లమ్మ ఇచ్చిన ఖాళీ. మీ బిడ్డ నెగటివ్ కావడానికి సగానికి సగం అవకాశం. మేనరికాల్లో ఇది మామూలే, ఒకే తాత జన్యువు రెండువైపులా దిగుతుంది. మీకైతే పరీక్ష దండగ కాదు.

గోదారిగాలి:
రిపోర్ట్ 28వ వారం లోపు రాకపోతే?

చిన్నక్క:
ఎదురుచూడొద్దు, వేయించేసుకోండి.

లెక్కలపంతులు:
ఈ ఒక్క మాటకి నేనూ చిన్నక్క పక్షమే.