వంగపండు పాట చదివితే చాలదా, వినాల్సిందేనా?

వాల్తేరు పాఠకురాలు:
మొన్న స్నేహితుల మధ్య ఈ మాట అన్నందుకు పెద్ద వాదనే అయింది. ఉత్తరాంధ్ర ప్రజాగాయకుడు వంగపండు ప్రసాదరావు గారంటే నాకు ప్రాణం. కానీ ఆయన గొప్పతనమంతా ఆ గొంతులో, ఆ కాలి గజ్జెల్లో ఉంది. అచ్చులో చదివితే పాట సగం చచ్చిపోతుంది. అందుకే ఆయన్ని మహాగాయకుడు అందాం గానీ, కవి అని శ్రీశ్రీ పక్కన కూర్చోబెట్టలేం. తప్పయితే చెప్పండి.

గాజువాక కుర్రాడు:
తప్పే మేడం. "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" తీసుకోండి. దాన్ని బడి తెలుగులో "ఏం పిల్లాడా, వెళ్దాం, వస్తావా" అని రాసి చూడండి. పోయింది కదా? ఇక్కడ ఎవరూ పాడలేదు, గజ్జె కట్టలేదు. కాగితం మీదే పోయింది. అంటే కాగితం మీద ఏదో ఉన్నట్టేగా! 'వెళ్దాం'లో వకారం రాలిపోయి, 'వస్తావా'లో దీర్ఘాలు కుంచించుకుపోయి, రెండు మాటలూ కలిసి ఒక్క అడుగులా పడతాయి. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టినవాడి చెవి అది.

ఆ తర్వాత పాటలో చిలకలు కత్తులు దులుపుతాయి. అక్కడ 'అట' అంటాడు చూడండి, నాకు ఒళ్ళు జలదరించేది అక్కడే. గిరిజన రైతుల సాయుధ పోరాటం నడిచిన శ్రీకాకుళం కొండల్లో ఏదో జరుగుతోందట అని ఊళ్ళో జనం చెవులు కొరుక్కునే మాట అది. 'నేను చూశాను' అనడు. విన్నది చెప్పి, వెళ్దాం వస్తావా అంటాడు. భయమూ ఉబలాటమూ ఆ ఒక్క 'అట'లో ఇమిడిపోయాయి. ఇది కవి చేసే పని కాదా?

మా నాన్న విశాఖ షిప్‌యార్డు దగ్గర సింధియా వైపు వెల్డింగ్ పని చేసేవాడు. ఆయనకి శ్రుతి అనేదే లేదు. నైట్ డ్యూటీకి వెళ్తూ క్యారియర్ గొళ్ళెం నొక్కుతూ, వంగపండుదే ఇంకో పాట "యంత్రమెట్లా నడుస్తు ఉందంటే" అని మామూలుగా మాట్లాడినట్టు అనేవాడు, పాడేవాడు కాదు. అయినా గిన్నెలు తోముతున్న అమ్మ చెయ్యి ఆగేది. వంగపండు కూడా షిప్‌యార్డులో పనిచేసినవాడే. ఆ మాట మా ఇంట్లోకి రావడానికి మైకు అక్కర్లేకపోయింది.

కంచరపాలెం:
నాదొక్క మాట. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరుంది, బాణీ లేదు. మనం ఇవాళ వింటున్న వరసలు చాలా వరకు తర్వాతివాళ్ళు కట్టినవే. ఆయన గొంతు ఎలా ఉండేదో ఎవరికీ తెలియకపోయినా పదకవితా పితామహుడు అంటున్నాం. 2016లో బాబ్ డిలాన్‌కి సాహిత్యంలో నోబెల్ ఇచ్చినప్పుడూ ఇదే గొడవ నడిచింది. అమెరికావాళ్ళ పాట కవిత్వమై, మన ఉత్తరాంధ్ర పాట ఉత్త పాటగానే మిగలాలా?

వాల్తేరు పాఠకురాలు:
'అట' సంగతి నేనెప్పుడూ అలా చూడలేదు. నిన్న రాత్రి మళ్ళీ చదివాను, నిజమే. కవి కాదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ అచ్చులో పాట సగం చచ్చిపోతుందన్న మాట వదలను. వంగపండు గారు 2020 ఆగస్టు 4న పోయారు. విప్లవ పాటల బృందం జననాట్యమండలి రోజుల్లో ఆ ఆట, ఆ పాట ఎదురుగా చూసినవాళ్ళు ఇప్పుడు పెద్దవాళ్ళయిపోయారు. చరణానికీ చరణానికీ మధ్య ఆయన జనంతో అనే మాట ఏ పుస్తకంలోకి ఎక్కుతుంది? 'ఎల్దం'ని దిద్ది 'వెళ్దాం' చెయ్యకుండా అచ్చు వెయ్యాలి, పాత క్యాసెట్లు పాడవకముందే ఎక్కించి దాచాలి. ఒకటి చేసి ఒకటి వదిలేస్తే మనకి మిగిలేది సగం మనిషే.

గాజువాక గారూ, మీ నాన్నగారు ఇప్పటికీ ఆ మాటలు అంటారా? అంటే ఫోన్‌లో రికార్డు చెయ్యండి.

గాజువాక కుర్రాడు:
నాన్న లేరు మేడం. అమ్మకి మొత్తం వచ్చు, ఆయన ఎక్కడ ఆపేవాడో కూడా గుర్తే. ఈ రాత్రి అడుగుతాను.