రాపర్ పేరున్న షూస్‌కి అంత డబ్బు పెట్టడం అభిమానమేనా?

బూమ్‌బ్యాప్_హైదరాబాద్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. డిగ్రీలో ఉన్నప్పటి నుంచి హిప్‌హాప్ వింటున్నాను. నాస్, జే-జీ, కెండ్రిక్ లమార్, ఇటు మన రోల్ రైడా, ప్రణవ్ చాగంటి, అన్నీ వింటాను. కానీ ఈ మధ్య మా ఫ్రెండ్స్ గ్రూపులో పాటల గురించి మాట్లాడేవాడే లేడు, ఎప్పుడు చూసినా షూస్ గోలే. ట్రావిస్ స్కాట్ ఎయిర్ జోర్డాన్ 1 ఉంది కదా, నైకీ గుర్తు తిరగేసి కుట్టిన మోకా రంగుది, 2019లో అమెరికాలో 175 డాలర్లకి వచ్చింది. ఇప్పుడు రీసేల్‌లో దానికి ఎన్నో రెట్లు అడుగుతున్నారు, మావాడొకడు ఈఎంఐ పెట్టి మరీ కొంటానంటున్నాడు. వాడికి ట్రావిస్ పాటలు రెండు మూడు మించి తెలీవు. ఇంకొకడు కోఠిలో ఫస్ట్ కాపీ తెచ్చుకుంటే వాణ్ణి గ్రూపులో అందరూ ఏడిపించారు, అది నాకు అస్సలు నచ్చలేదు.

1973లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ కింద కూల్ హెర్క్ అనే డీజే పెట్టిన పార్టీతో మొదలైన సంగీతం ఇది. డబ్బున్నవాళ్ల వీధి కాదది. అలాంటి సంగీతం పేరు చెప్పి ఖరీదైన షూ లేనివాణ్ణి చిన్నచూపు చూడటం ఎక్కడి న్యాయం? ఈ స్నీకర్ల పిచ్చి నిజంగా హిప్‌హాప్‌లో భాగమా, లేక కంపెనీలూ పాప్ స్టార్లూ కలిసి తర్వాత అంటించిందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కొత్తపేట_క్యాసెట్:

తమ్ముడూ, షూస్ మధ్యలో వచ్చి చేరినవి కావు, మొదటి నుంచీ ఉన్నవే. 70ల్లో న్యూయార్క్ బ్రేక్‌డాన్స్ కుర్రాళ్ల కాళ్లకి ప్యూమా సూడ్ ఉండేది. వాల్ట్ ఫ్రేజియర్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడి కోసం 1973లో వచ్చిన షూ కూడా ఆ బాపతుదే. వెడల్పు లేసులు దుకాణాల్లో దొరక్కముందు మామూలు లేసుల్నే బాగా సాగదీసి, ఇస్త్రీ చేసి వెడల్పు చేసుకునేవాళ్లు. చిన్న మరక పడితే టూత్‌బ్రష్ తీసుకుని అక్కడికక్కడే రుద్దేవాళ్లు. నెలకో జత కొనే స్తోమత లేదు కాబట్టి ఉన్న ఒక్క జతనీ కొత్తదానిలా ఉంచుకోవడంలోనే వాళ్ల దర్జా ఉండేది.

ఇక రన్-డీఎంసీ అనే ర్యాప్ గ్రూపు సంగతి. న్యూయార్క్‌లోనే క్వీన్స్‌లోని హోలిస్ కుర్రాళ్లు వీళ్లు. అడిడాస్ సూపర్‌స్టార్ షూస్‌ని లేసులు లేకుండా, షూ నాలుక బయటికి పొడుచుకొచ్చేలా వేసుకునేవాళ్లు. జైల్లో ఖైదీల దగ్గర లేసులు తీసేసుకుంటారు, ఆ స్టైల్ అక్కడి నుంచే వచ్చిందని జనం అనుకునేవాళ్లు. హోలిస్‌లోనే ఒక డాక్టర్, అలా తిరిగే కుర్రాళ్లంతా నేరస్థుల బాపతే అన్నట్టు ఒక పాటే కట్టాడు. దానికి జవాబుగా 1986లో వీళ్లు తమ అడిడాస్ మీద పాట చేశారు. ఈ షూస్ వేసుకుని మేం దొంగతనాలకి పోవట్లేదు, స్టేజీలెక్కుతున్నాం, కాలేజీలకి వెళ్తున్నాం అని చెప్పడమే దాని సారం. అప్పటికి కంపెనీ వాళ్లకి ఒక్క డాలర్ కూడా ఇవ్వలేదు.

అదే ఏడాది జులైలో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కచేరీ. ఈ పాట దగ్గరికొచ్చేసరికి మీ అడిడాస్‌లు పైకెత్తండి అన్నారు. హాలంతా వేల చేతులు, ప్రతి చేతిలో ఒక షూ. అడిడాస్ కంపెనీ మనిషి ఒకాయన అక్కడే నిలబడి చూస్తున్నాడు. ఆ తర్వాతే ఒప్పందం కుదిరింది, పది లక్షల డాలర్ల పైమాటే. ఆటగాళ్లు కానివాళ్లకి ఒక షూ కంపెనీ అంత డబ్బివ్వడం అప్పట్లో ఊహకందని సంగతి.

బాల్టిమోర్‌లో ఇంకో చిత్రం జరిగింది. నైకీ 1982లో ఎయిర్ ఫోర్స్ 1 తెచ్చి రెండేళ్లలో ఆపేద్దామనుకుంది, అప్పట్లో ఏ మోడల్‌కైనా ఆయుష్షు అంతే. అక్కడి షాపులవాళ్లు, మా ఊళ్లో కుర్రాళ్లు దీన్నే అడుగుతున్నారు, కొత్త రంగుల్లో చేసివ్వండి అని పట్టుబట్టి చేయించుకున్నారు. ఇవాళ ప్రపంచమంతా తొడుక్కుంటున్న ఆ తెల్ల షూ బతికి బట్టకట్టింది వీధి కుర్రాళ్ల వల్ల.

కాబట్టి నా అభిప్రాయం ఇది. అప్పుడు వీధి ముందు నడిచింది, కంపెనీ చెక్కు పట్టుకుని వెనకాల పరిగెత్తింది. ఇప్పుడు కంపెనీయే ముందు కూర్చుని, ఏ స్టార్ పేరు పెట్టాలి, ఎన్ని జతలు మాత్రమే వదలాలి అని లెక్కేస్తుంది. సరుకు తక్కువ వదిలితే ధర పెరుగుతుందని దానికి తెలుసు. మీ ఫ్రెండ్ ఈఎంఐ కట్టేది ఆ లెక్కకే.

ఫ్రిస్కో_టెక్సస్:

అన్నా, చరిత్ర బాగా చెప్పారు, చివరి మాట మాత్రం ఒప్పుకోను. నేను డల్లాస్ దగ్గర ఉంటాను, షూస్ కొంటాను, దాచుకుంటాను, అందులో నాకు ఎలాంటి గిల్టీ ఫీలింగ్ లేదు. 2003లో రీబాక్ జే-జీ పేరుతో, 50 సెంట్ పేరుతో షూస్ తెచ్చేదాకా పరిస్థితి ఏంటి? ఫలానా షూ కూల్ అని నల్లజాతి కుర్రాళ్లు తేల్చడం, కంపెనీలు ఊరికే అమ్ముకోవడం, రన్-డీఎంసీ లాంటి ఒకరిద్దరికి తప్ప ఎవరికీ వాటా లేకపోవడం. కళాకారుడు తన అభిరుచికి డబ్బు అడిగితే అది మార్కెటింగ్, కంపెనీ ఫ్రీగా వాడుకుంటే అది సంస్కృతీనా?

పైగా అందరూ పేరు అద్దెకిచ్చి ఊరుకోలేదు. ప్యూమాతో గాయని రిహానా చేసిన క్రీపర్ అనే షూకి 2016లో ఫుట్‌వేర్ న్యూస్ ఏటా ఇచ్చే ఉత్తమ షూ అవార్డు వచ్చింది, అంతకుముందు ఏ మహిళకీ అది దక్కలేదు. కెండ్రిక్ అయితే 2015లో రీబాక్ వెంటిలేటర్ అనే షూ మీద ఒక కాలికి రెడ్, ఇంకో కాలికి బ్లూ అని కుట్టించాడు. లాస్ ఏంజెలెస్ దగ్గర వాళ్ల ఊరు కాంప్టన్‌లో ఆ రెండు రంగులూ రెండు గ్యాంగులవి, తప్పు వీధిలో తప్పు రంగు వేసుకుంటే ప్రాణం పోయే చోటు. రెండూ ఒకే జతలో పెట్టడం ఒక వెర్సు రాసినంత పని. అలాంటి జత కొంటే అభిమానం కాదని ఎలా అంటారు?

రాపర్ కాన్యే వెస్ట్ విషయంలో మాత్రం, అడిడాస్‌తో కలిసి అతను తెచ్చిన యీజీ షూస్ నా దగ్గరున్నవి అమ్మేశాను. 2022 అక్టోబర్‌లో యూదుల మీద అతని మాటల తర్వాత అడిడాస్ ఒప్పందం తెంచుకుంది, మిగిలిన సరుకుని 2023 నుంచి విడతలుగా అమ్మి, వచ్చినదాంట్లో కొంత ద్వేషానికి వ్యతిరేకంగా పనిచేసే సంస్థలకిచ్చింది. డిజైన్ బాగుంటుంది, కాదనను. కానీ అవి వేసుకుని ఆఫీసులో నా యూదు సహోద్యోగి ఎదురుగా కూర్చోవడం నా వల్ల కాలేదు.

సూళ్లూరుపేట_సిస్టర్:

మీరంతా క్వీన్స్, కాంప్టన్ అంటున్నారు, ఒకసారి తడ వైపు కూడా చూడండి. మాంబట్టు దగ్గర అపాచే ఫ్యాక్టరీలో తయారయ్యేవి అడిడాస్ షూసే. పొద్దున్నే మా చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల నిండా ఆడపిల్లలు డ్యూటీకి వెళ్తారు. మా పిన్ని కూతురు కొన్నాళ్లు అక్కడే చేసింది. ఇప్పటికీ ఎవరింటికెళ్లినా గుమ్మం దగ్గరున్న షూ తీసి, వెనక్కి తిప్పి, పైభాగం అడుగుతో కలిసేచోట గమ్ము లైను మీద బొటనవేలు పెట్టి చూస్తుంది. కుట్టు ఎక్కడ వంకర పోయిందో, గమ్ము ఎక్కడ పొంగిందో ఇట్టే చెప్పేస్తుంది. అది ఏ స్టార్ పేరుదో దానికి అనవసరం.

స్టార్‌కి వాటా రావాలన్నారు, సంతోషం. మరి కుట్టిన పిల్ల పేరు ఈ కల్చర్‌లో ఎక్కడా వినపడదేం? షూ గురించి గంటలు గంటలు మాట్లాడేవాళ్లు ఆ మాట కూడా ఎత్తితే బాగుంటుంది.

గుంటూరు_గోడమీద:

ఏడిపించడం గురించి ఎవరూ మాట్లాడలేదు, అసలు ప్రశ్న అదే కదా. ఇది చిన్న విషయం కాదండీ. 1990 మేలో స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ముఖచిత్ర కథనమే దీని మీద వేసింది, జోర్డాన్‌ల కోసం, జాకెట్ల కోసం పిల్లలు పిల్లల్నే చంపుకుంటున్నారని. షూ లేకపోతే మనిషి తక్కువ అన్న ఆలోచన ముదిరితే అక్కడిదాకా పోతుంది.

దీనికి ఎదురు నిలిచినవాడూ ఉన్నాడు. స్టెఫాన్ మార్బరీ అనే ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఆటగాడు, బ్రూక్లిన్‌లో కోనీ ఐలాండ్ ప్రభుత్వ గృహాల్లో పెరిగినవాడు, 2006లో తన పేరు మీద స్టార్‌బరీ అని 14.98 డాలర్లకే షూ తెచ్చాడు. ఆ చవక జతే తను వేసుకుని మ్యాచ్‌లు ఆడాడు. జనం ఎగబడి కొన్నారు. అవి అమ్మిన దుకాణాల సంస్థ 2008లో దివాలా తీయడంతో ఆగిపోయింది, అంతేగానీ ఆలోచన తప్పయి కాదు. మన దగ్గర ఏ హీరో అయినా, ఏ రాపర్ అయినా వెయ్యి రూపాయల్లోపు మంచి గట్టి షూ తన పేరు మీద తెస్తే ముందు నేనే కొంటాను.

బూమ్‌బ్యాప్_హైదరాబాద్:

అందరికీ థాంక్స్. ఈఎంఐ వాడికి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. కొనడం మానలేదు గానీ, అడిగిన ధరకి కాకుండా రేటు తగ్గేదాకా ఆగుతానన్నాడు. ఫస్ట్ కాపీ వాడికి గ్రూపులో అందరిచేతా సారీ చెప్పించాను. @కొత్తపేట_క్యాసెట్ అన్నా, రన్-డీఎంసీని ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తపేట_క్యాసెట్:

1986 నాటి రైజింగ్ హెల్ ఆల్బమ్ పెట్టు, మొదటి పాట నుంచి వరసగా విను. అడిడాస్ పాట అందులోనే ఉంది. ఇయర్‌ఫోన్స్‌లో కాదు, కాస్త బేస్ ఉన్న స్పీకర్‌లో పెట్టుకో.