స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు మన కూలీ నోటికాడ ముద్ద లాగేస్తున్నాయా? (పామాయిల్ లెక్క)

కాకినాడ_షిఫ్ట్:
కొత్త ఒప్పందం సంతకమైన ప్రతిసారీ టీవీలో ఒకటే పాట. ఎగుమతులు పెరుగుతాయి, ఉద్యోగాలొస్తాయి. నేను కళ్లారా చూసింది చెబుతాను, తప్పుంటే దిద్దండి.

కాకినాడ పోర్టు పక్కన నూనె రిఫైనరీలో పదకొండేళ్లు చేశాను. కంపెనీ పేరు వద్దు. ఓడలో ముడి పామాయిల్ వస్తుంది, పైపుల్లోంచి ట్యాంకులకెక్కుతుంది. జిగురు తీసి, మట్టి కలిపి రంగు లాగి, ఆవిరి పట్టించి వాసన తీస్తాం. చలికాలం తెల్లవారుజామున నూనె నెయ్యిలా పేరుకుపోతే ట్యాంకు అడుగునున్న కాయిల్స్‌లోకి ఆవిరి వదిలి కరిగించడం నా డ్యూటీ.

2019 జనవరి 1న ముడి పామాయిల్‌ మీద దిగుమతి సుంకం 44 నుంచి 40 శాతానికి, శుద్ధి చేసిన దాని మీద 54 నుంచి 50కి దించారు. మలేసియా శుద్ధి నూనెకి మాత్రం 45. ఎందుకంటే 2011లో అమల్లోకొచ్చిన వాళ్లతో విడి ఒప్పందం ఉంది. అంటే వాళ్లు శుద్ధి చేసి పంపే నూనెకీ, మేం ఇక్కడ శుద్ధి చేసుకునే ముడి నూనెకీ మధ్య తేడా అయిదే అయిదు. పైగా అక్కడి ప్రభుత్వం ముడి నూనె ఎగుమతి మీద పన్ను ఎక్కువేసి, శుద్ధి చేసిన దాన్ని తేలిగ్గా బయటికి పంపిస్తుంది. తన ఫ్యాక్టరీలు నడవాలని. ఇంకిక్కడ బాయిలర్ వెలిగించడం దేనికండీ? తయారు సరుకు దింపుకుని ప్యాకెట్లు కొట్టుకుంటే సరి.

మా ప్లాంటు వారానికి మూడు రోజులకొచ్చింది. పర్మనెంటు వాళ్ల జీతం ఆగలేదు. నాలాంటి కాంట్రాక్టు వాళ్లకి 'బ్రేక్' అన్నారు. బ్రేకంటే గేటు దగ్గర కార్డు తీసేసుకోవడం. సెప్టెంబరులో కేంద్రం మలేసియా నూనె మీద ఇంకో 5 శాతం రక్షణ సుంకం వేసింది, ఆర్నెల్లకి. అప్పటికే మా బ్యాచ్‌లో సగంమంది హైదరాబాద్ వెళ్లి అపార్టుమెంట్ల ముందు సెక్యూరిటీ కుర్చీల్లో కూర్చున్నారు.

ఆ అయిదు శాతం సంగతి సంతకానికి ముందు మమ్మల్ని అడిగినోడెవడైనా ఉన్నాడా?

అంకెలరాయుడు:
మీ కష్టం నిజం, కాదనను. కానీ ముద్దాయిని మార్చాలి.

ఆసియాన్ (మలేసియా, ఇండోనేసియా ఉన్న ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఒప్పందం 2009 ఆగస్టులో సంతకమైంది, 2010 జనవరి 1 నుంచి అమలు. అందులో పామాయిల్‌కి మనం ఇచ్చిన మాట ఏమిటి? 2019 ఆఖరుకల్లా ముడి నూనె మీద 37.5 శాతం, శుద్ధి నూనె మీద 45 శాతం మించి వేయం అని. అంతవరకు వేసుకోవచ్చు. మరి మనం వేసిందెంత? ఒప్పందం పుట్టకముందే, 2008 ఏప్రిల్లో, ముడి వంట నూనెల మీద సుంకం మొత్తం ఎత్తేశాం. ధరలు మండుతున్నాయని. 2022లో మళ్లీ దాదాపు సున్నాకి దించాం. 2024 సెప్టెంబరులో ముడి నూనె మీద 20కి పెంచాం, 2025 మే ఆఖర్న 10కి దించాం. వీటిలో ఏ ఒక్కటీ మలేసియా చెబితే చేసింది కాదు. కుళాయి ఢిల్లీలో ఉంది. ఎన్నికలు, ధరల పట్టిక చూసి తిప్పుతుంటారు. 2019లో మిమ్మల్ని కొట్టింది మలేసియా మినహాయింపు, ఆ ఒక్కటి ఒప్పుకుంటా.

గెలలరైతు_అశ్వారావుపేట:
ఇద్దరు అన్నలూ నూనె ఓడలో వస్తదన్నట్టే మాట్లాడుతున్నారు. నూనె చెట్టుకు కూడా కాస్తది.

ఎకరాకి 57 మొక్కలు. మొదటి నాలుగేళ్లు దాదాపు రూపాయి రాదు. పామాయిల్ మిషన్ పేరుతో కేంద్రం 2021లో 11,040 కోట్లు ప్రకటించి వేయండి వేయండి అంది, వేశాం. ఇండోనేసియా ఎగుమతులు ఆపిన 2022 వేసవిలో టన్ను గెలలు 20 వేలు దాటినయి. ఊళ్లో పొగాకు, మిర్చి పీకేసి మొక్కలు పెట్టినోళ్లున్నరు. మరుసటేడు 13 వేల దగ్గరకొచ్చింది. వరి అయితే వచ్చే పంటకి మార్చుకుంటం. ఇది పాతికేళ్ల చెట్టు. ఎవడికి చెప్పుకోవాలె?

మా గెల ధర కట్టే లెక్కలో మూలం ముడి నూనె ధరే. సుంకం పది తగ్గిందంటే మా గెలలో కోత పడ్డట్టే. చెట్టెక్కువ ఎత్తయితే పొడుగు గెడకి కొడవలి కట్టి కోస్తరు. మెడ పైకెత్తి పొద్దుగూకే దాకా. ఒక్కో గెల ఇరవై కిలోలు, పక్కకి దూకకపోతే మీదనే పడుతది. వాళ్ల కూలి టన్ను లెక్క. ధర పడ్డ నెల ముందు కోసేది ఆ కూలే.

బజ్జీలబండి:
నన్ను కూడా కూలీల్లో కలపండి సార్. పొద్దున అయిదు నుంచి రాత్రి పది. 2022లో డబ్బా ధర చూసి బజ్జీ సైజు తగ్గించా, ఆరో బజ్జీ ప్లేట్లోంచి తీసేశా. సుంకం పెంచమని రాసే ముందు మా పొయ్యి దగ్గరకోసారి రండి. 😀

చెనక్కాయ_చేను:
అనంతపురం నుంచి. అందరూ కొత్త కథ చెప్తాండారు, మాది పాతది.

నూనెగింజల మిషన్ పెట్టింది 1986లో. తొంభైల మొదట్లో దేశం వంటనూనెలో దాదాపు సొంత కాళ్ల మీద నిలబడింది. అప్పుడు మా జిల్లాలో ఎర్రనేలంతా బుడ్డలే (వేరుశనగ). 1994లో పామోలిన్ దిగుమతికి తలుపు తీసిరి, 65 శాతం సుంకంతో. నాలుగేళ్లలో ఆ సుంకం 15కి తెచ్చిరి. వానలు లేకపోవడం వేరే సంగతి, అది ఒప్పుకుంటా. కానీ వాన కురిసిన ఏడు కూడా బుడ్డలకి ధర లేకపాయె. మా నాయన మిల్లులో కాయ కొట్టే మిషన్ కాడ పనిచేసేవాడు. మిల్లు ఉండే చోట ఇప్పుడు కల్యాణమంటపం. అప్పుడు ఆసియాన్ ఒప్పందమూ లేదు, ఏదీ లేదు. ఒప్పందాన్ని తిట్టుకుంటూ కూర్చుంటే అసలు దొంగ పక్క సందులోంచి పోతాడు.

ఇంకోటి. ఆసియాన్ ఒప్పందం మీద 2009 అక్టోబరు 2న మలయాళీలు కాసరగోడు నుంచి తిరువనంతపురం దాకా రోడ్డు మీద చేయి చేయి పట్టుకుని నిలబడిరి. మనమేం చేస్తాంటిమి? రాజశేఖరరెడ్డి పోయి నెల. కుర్చీ ఎవరిదనేదే రాష్ట్రమంతా మాట.

భీమవరం_కుర్రోడు:
ఒప్పందం లేకపోతే ఏమవుద్దో మాకు తెలుసు. మా అమ్మ రొయ్యల ప్లాంటులో తలలు తీస్తుంది. ఐసు నీళ్లలో చేతులు పెట్టి పెట్టి వేళ్ల సందులు ఒరిసిపోయాయి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం వేసింది, ఈక్వెడార్ రొయ్యకి 15. ఆ నెలలో అమ్మకి వారానికి రెండు రోజులే పని. జులైలో బ్రిటన్‌తో సంతకమైన దాంట్లో రొయ్య మీద సుంకం ఉండదట. మాకు కావలసింది అలాంటివే. అందరూ ఒప్పందాలొద్దంటే మా అమ్మ ఏం చెయ్యాలి?

గాలిపటం:
అన్నిటికీ విరుగుడు ఒకటే, విదేశీ సరుకు బందు. ఆర్‌సెప్ (ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం) వద్దన్నాం, ఏమైంది? దేశం మునిగిందా?

నిర్వాహకుడు:
పార్టీల గొడవకి దారితీసే రెండు పోస్టులు తీసేశాం. నూనె దగ్గరే ఉండండి.

అంకెలరాయుడు:
గాలిపటం గారూ, 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో ఆర్‌సెప్‌లో చేరం అన్నప్పుడు పాడి రైతులు ఊపిరి పీల్చుకున్నారు. న్యూజిలాండ్ పాలపొడి భయం నిజమే. కానీ మనం ఏటా కోటిన్నర టన్నులకు పైగా వంటనూనె బయటి నుంచి తెచ్చుకుంటున్నాం. బందు పెడితే రేపు పొద్దున పోపు దేంతో పెడతారు?

భీమవరం తమ్ముడి మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. రొయ్యకి తలుపు తెరవమని అడిగితే అవతలివాడూ ఏదో ఒక తలుపు చూపిస్తాడు.

గెలలరైతు_అశ్వారావుపేట:
కాకినాడ అన్నా, సూటిగా అడుగుతా. ముడి నూనె మీద సుంకం సున్నా చేసి, శుద్ధి నూనె మీద యాభై పెడితే నీకు సంతోషమేనా?

కాకినాడ_షిఫ్ట్:
అబద్ధమెందుకు, 2019లో అడిగుంటే సంతోషమే అనేవాణ్ణి. నా షిఫ్టు నడిచేది. నీ గెల సంగతి నాకు తెలీదు తమ్ముడూ. గెలని ఇన్నాళ్లూ ఫొటోలోనే చూశాను.

గెలలరైతు_అశ్వారావుపేట:
2025 మేలో చేసింది అలాంటిదే కదా అన్నా. ముడికీ శుద్ధికీ తేడా సెస్సులతో కలిపి 8.25 ఉండేది, 19.25 అయింది. రిఫైనరీల మాట చెల్లింది. మరి నిన్ను పిలిచారా?

కాకినాడ_షిఫ్ట్:
పిలవలేదు. ప్లాంటు ఫుల్లుగా నడుస్తోందని విన్నాను. ప్యాకింగ్ దగ్గర మిషన్ వచ్చిందట, నలభైమంది ఆడవాళ్లు చేసేది ఆరుగురు చూసుకుంటున్నారట. ఇది మలేసియా చేసింది కాదు, ఢిల్లీ చేసింది కూడా కాదు.

డల్లాస్_నుంచి:
ఒక మాట. ఇక్కడ అమెరికాలో 1962 నుంచి దిగుమతుల వల్ల పని పోయినవాళ్లకి శిక్షణ, కొన్నాళ్లు భృతి ఇచ్చే పథకం ఉండేది. అందరికీ అందిందని కాదు, తిట్టేవాళ్లూ ఉన్నారు. 2022 జులై నుంచి దాన్ని పొడిగించలేదు, కొత్తవాళ్లని తీసుకోవట్లేదు. అయినా చట్టంలో ఆ వరుస ఒకటుంది. ఒప్పందం వద్దనే బదులు, మన దగ్గర అలాంటిది ఒకటి అడగొచ్చు కదా?

కాకినాడ_షిఫ్ట్:
అడగొచ్చండి. కానీ పని పోయింది దిగుమతి వల్లేనని కాగితం మీద ఎవరు రాసిస్తారు? నాకిచ్చిన దాంట్లో "కాంట్రాక్టు గడువు ముగిసినది" అనుంది. మలేసియా మాట లేదు, అయిదు శాతం మాట లేదు.

రాయుడు గారూ, ఆ 2019 సెప్టెంబరు రక్షణ సుంకం ఉత్తర్వు మీ దగ్గరుంటే ఇక్కడ పెట్టగలరా? దేశీయ పరిశ్రమకి నష్టం జరిగిందని ప్రభుత్వమే అందులో ఒప్పుకుని ఉంటుంది కదా. దాన్ని పట్టుకుని లేబర్ ఆఫీసుకి వెళ్తాను. ఇన్నేళ్లయ్యాక తీసుకుంటారో లేదో.

అంకెలరాయుడు:
వెతుకుతా. ఇంగ్లీషులో ఉంటుంది, నష్టం గురించిన పేరాలు తెలుగు చేసి పెడతా. ఆదివారం దాకా టైమివ్వండి.