క్రాకోవ్ హోటల్లో రొట్టెతో పెట్టిన తెల్లముద్ద: వాళ్ళు చెప్పాలా, మనం అడగాలా?

బెజవాడ_బండి
వార్సాలో ఉద్యోగం, మూడేళ్ళయింది. మే నెలలో అమ్మా నాన్నా వచ్చారు. వియెలిచ్కా ఉప్పు గని చూపించి సాయంత్రానికి క్రాకోవ్ వచ్చాం. రోజూ ఇంట్లో పప్పూ చారే కదా, ఒక్క పూటైనా అసలు పోలిష్ భోజనం తినిపిద్దామని ఓ "కర్చ్‌మా"కి తీసుకెళ్ళా. మన పాతకాలపు పూటకూళ్ళిల్లు లాంటిది. చెక్క బల్లలు, గోడకి వెల్లుల్లి జడలు, పూల కుట్టు జాకెట్లు వేసుకున్న అమ్మాయిల వడ్డన. పేరు రాయను.

మేం ఏదీ ఆర్డరివ్వక ముందే రొట్టె, ఉప్పునీళ్ళలో ఊరిన దోసకాయలు, చిన్న మట్టిగిన్నెలో తెల్లటి ముద్ద తెచ్చి పెట్టారు. ఫ్రీ. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. వెన్న అనుకుని రాసుకుంది. "ఉల్లిపాయ వేశారేంట్రా ఇందులో" అంది. రెండో ముక్క సగంలో పక్కన పెట్టి "చాల్లే నాన్నా, కడుపు నిండింది" అంది.

తర్వాత రష్యన్ పియెరోగి వచ్చింది. కజ్జికాయ ఆకారంలో ఉంటుంది, లోపల బంగాళాదుంప, పొడి పనీరు లాంటిది పెట్టి ఉడికిస్తారు. పైన చల్లింది వేయించిన ఉల్లి అనుకున్నా. కాదు, పంది కొవ్వు ముక్కలు. అనుమానమొచ్చి గిన్నె సంగతి అడిగితే "స్మాలెట్స్" అంది ఆ అమ్మాయి. పంది కొవ్వు కరిగించి పేరబెట్టింది.

ఒక్క స్టారిచ్చి రివ్యూ రాశా. ఆఫీసులో అందరూ తప్పు నాదే అంటున్నారు. మీరేమంటారు?

లాస్ట్‌బెంచ్
ఫ్రీగా వచ్చింది ఏదైనా అంతే బ్రో.

మినపసున్ని
రష్యన్ పియెరోగి కాదండీ. "పియెరోగి రుస్కియె". అక్కడ రుస్ అంటే రుథేనియా ప్రాంతం, అందులో చాలా భాగం ఇప్పుడు పశ్చిమ ఉక్రెయిన్లో ఉంది. రష్యాకి సంబంధం లేదు. 2022లో యుద్ధం మొదలయ్యాక కొన్ని హోటళ్ళు మెనూలో "ఉక్రేనియన్ పియెరోగి" అని పేరే మార్చేశాయి. దయచేసి సరిచేయండి.

వ్రొత్స్వాఫ్_వాసు
తమ్ముడూ, నేనిక్కడ తొమ్మిదేళ్ళుగా ఉన్నా. నీ రివ్యూ అన్యాయం.

గుంటూరు మెస్సులో ముద్దపప్పు మీద అడక్కుండానే నెయ్యి పోస్తాడు. పాలూ నెయ్యీ ముట్టని తెల్లోడు కూర్చున్నా పోస్తాడు. "అయ్యా, ఇది గేదె పాలది" అని చెప్పి పోస్తాడా? అది ఆయన మర్యాద. రొట్టె, స్మాలెట్స్, ఊరిన దోసకాయ వీళ్ళ మర్యాద. పుట్టినప్పటినుంచీ తింటున్నదాన్ని కొత్తవాళ్ళకి విడమర్చి చెప్పాలని వాళ్ళకి తట్టదు.

చట్టం మాటకొస్తే, యూరోపియన్ యూనియన్ 1169/2011 నియమం 2014 డిసెంబర్ నుంచి అమల్లో ఉంది. గోధుమ, పాలు, గుడ్డు, ఆవాలు, నువ్వులు, సెలెరీ, ఇలా అలర్జీ తెప్పించే 14 రకాల గురించి హోటలు చెప్పి తీరాలి. పంది కొవ్వు ఆ 14లో లేదు. అలర్జీ వేరు, ఆచారం వేరు.

బెజవాడ_బండి
చట్టం ఎవరడిగారు సార్. పియెరోగి చెప్పేటప్పుడు "బెస్ మియెన్సా" అని స్పష్టంగా అన్నా. మాంసం లేకుండా అని. ఆ అమ్మాయి తలూపింది. అది అబద్ధం కాదా?

వ్రొత్స్వాఫ్_వాసు
కాదు. వాళ్ళ లెక్కలో మాంసం అంటే ముక్క. కాథలిక్కుల దేశం ఇది. శుక్రవారం మాంసం మానేసి చేప తింటారు. క్రిస్మస్ ముందురోజు రాత్రి 12 వంటకాలు, ఒక్కదాంట్లో మాంసం ఉండదు, కానీ మధ్యలో కార్ప్ చేప ఉంటుంది. 1966లో పోపు ఆరవ పాల్ ఇచ్చిన ఉపవాస నియమాల్లోనే, మాంసం కూడదు కానీ గుడ్లు, పాలు, రుచికి వేసే జంతువుల కొవ్వు ఫర్వాలేదని ఉంది. నువ్వడిగిన దానికి ఆమె తనకి తెలిసిన నిజమే చెప్పింది. "బెస్ స్మాల్సు, బెస్ స్క్వారెక్" అనాల్సింది. కొవ్వు వద్దు, కొవ్వు ముక్కలు వద్దు అని.

లాస్ట్‌బెంచ్
పోపులో కొవ్వు వేసుకోవచ్చని పోపుగారే చెప్పారన్నమాట 😂

కృష్ణక్క
మీ గొడవ మీది, నా బాధ వినండి. మా ఆయనా నేనూ హైదరాబాద్ నుంచి గ్రూపు టూరులో ప్రాగ్, క్రాకోవ్ చూశాం. పదకొండు రోజులు. పదకొండు రోజులూ ఇండియన్ హోటలే. అదే పనీరు, అదే జీలకర్ర అన్నం. క్రాకోవ్‌లో మా బస్సు ఆగిన చోటికి ఎదురుగానే కర్చ్‌మా. లోపల్నుంచి పుల్లటి వాసన, తరవాణి కుండ మూత తీసినట్టు. అది జురెక్ చారట, రై పిండి నాలుగైదు రోజులు నీళ్ళలో పులియబెట్టి కాస్తారట, గుడ్డూ సాసేజీ వేస్తారట. నేను అన్నీ తింటాను. అడిగితే గైడు "మేడమ్, గ్రూపులో శాకాహారులున్నారు, ఇబ్బంది పడతారు" అన్నాడు. వాళ్ళకి ఇబ్బందని నేను నోరు కట్టుకోవాలా? కొందరికి అక్కడిదాకా వెళ్ళి తినే అదృష్టం ఉంది, తిని వచ్చి ఏడుస్తారు.

గోదారి_గాలి
అక్కా, ఆయన ఏడ్చేది అమ్మ తిన్నందుకు, తను తిన్నందుకు కాదు.

శాకాహారులకి కర్చ్‌మా ఎందుకసలు? బార్ మ్లెచ్నీ, అదే మిల్క్ బార్లు ఉన్నాయిగా. మొదటిది 1896లో వార్సాలో పెట్టారు, పాలూ పిండీ గుడ్డూ వంటలతో. ఇప్పుడు మాంసమూ అమ్ముతారు గానీ, తీపి పనీరు పెట్టిన అట్లు, దుంప పిండి ఉండలు చవగ్గా దొరుకుతాయి. ప్రభుత్వం సబ్సిడీ ఇస్తుంది.

మినపసున్ని
శీర్షిక కింద "రష్యన్" అలాగే ఉంది.

వ్రొత్స్వాఫ్_వాసు
ఒక్కటి అడుగుతా. "ఫ్రీ" అని రాశావు. కొత్తగా వెళ్ళినవాడెవడైనా అడక్కుండా తెచ్చి పెడితే బిల్లులో వేస్తారేమోనని గాభరా పడతాడు. అది ఫ్రీ అని నీకెలా తెలుసు?

బెజవాడ_బండి
సీఐడీ పనులు ఆపండి సార్. తొమ్మిదేళ్ళుంటే పోలిష్ వాళ్ళయిపోతారా? మనవాళ్ళ తరఫున ఒక్క మాట అనలేరు, వాళ్ళ తరఫున పోపుల్ని కూడా తెస్తారు.

వ్రొత్స్వాఫ్_వాసు
మనవాళ్ళు మనవాళ్ళు అనకు. నా పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు ఇక్కడికొచ్చి మూడు వారాలు నా గిన్నెలు ముట్టుకోలేదు. వేరే కుక్కర్ కొన్నాం. అప్పుడు నేను ఏ హోటలుకీ ఒక్క స్టారివ్వలేదు. నేనేం తింటానో ఆవిడ మొహం మీదే చెప్పా, తిట్లు తిన్నా. నువ్వు ఆ హోటలుకి ఇంతకు ముందు వెళ్ళావా లేదా?

లాస్ట్‌బెంచ్
పాప్‌కార్న్ తెచ్చుకుంటున్నా. బెస్ స్మాల్సు.

బెజవాడ_బండి
వెళ్ళా. డిసెంబర్లో, టీమ్ వాళ్ళతో. ఆ రోజు బీరు తాగుతూ నేనూ తిన్నా. ఏంటని అడగలేదు. బయట చికెన్ కూడా తింటా, ఇంట్లో తెలీదు. చాలా?

అమ్మ గిన్నె చూపించి "ఏంట్రా ఇది" అంది. వెన్నేలే అమ్మా అన్నది నేను. వాళ్ళ ముందు వెయిట్రెస్‌ని పిలిచి ఇదేంటి అదేంటి అని అడిగితే మూడేళ్ళనుంచి ఉంటున్నవాడికి ఇది కూడా తెలీదా అనుకుంటారని అడగలేదు.

గోదారి_గాలి
అమ్మకి తర్వాత చెప్పావా?

బెజవాడ_బండి
లేదు. ఆ పియెరోగి పక్కకి జరిపి, బాలేదన్నా. నాన్నకీ తెలీదు.

వ్రొత్స్వాఫ్_వాసు
అంటే చెప్పనందుకు వాళ్ళకి ఒక్క స్టారు. మరి నీకెన్ని?

గోదారి_గాలి
వాసు గారూ, చాలు. చెప్పి మాత్రం ఏం లాభం? ఆవిడ ఇప్పుడు తలంటుకుని పంచగవ్యం తాగాలా? తెలియక తిన్నది దోషం కాదంటారు మా తాతగారు. వదిలెయ్యి తమ్ముడూ.

వ్రొత్స్వాఫ్_వాసు
కొవ్వుకి దోషం లేకపోవచ్చు. రేపు ఆవిడ మళ్ళీ వచ్చి, వీడు పెట్టింది కళ్ళుమూసుకుని తింటుంది కదా, దాని సంగతేంటి?

కృష్ణక్క
బాబూ, నేనిందాక విసురుగా అన్నాను, ఏమనుకోకు. మీ అమ్మ రెండో ముక్క సగంలో పక్కన పెట్టిందని నువ్వే రాశావు. పియెరోగి ఇంకా రాకముందే. ఆకలి మీద వచ్చిన మనిషి, ఉప్పు గనిలో అన్నేసి మెట్లు దిగి నడిచిన మనిషి. ఇంట్లో మజ్జిగ చిలికి, వెన్న తీసి, నెయ్యి కాచిన చెయ్యే కదా అది. ఏది వెన్నో ఏది కాదో నాలిక్కి తెలీదంటావా?

బెజవాడ_బండి
ఇంతవరకూ ఆ ఆలోచనే రాలేదండి. రివ్యూ తీసేశా. ఇక్కడ రాత్రి తొమ్మిదయింది, అక్కడ పడుకునుంటారు. పొద్దున చేస్తా.

మినపసున్ని
రివ్యూలో కూడా రష్యన్ అనే రాశారా?