నేషనల్ గార్డ్ డ్రిల్ పే మీద స్టేట్ ట్యాక్స్ కట్టాలా?

ప్రశ్న: అందరికీ హాయ్, మేము ఉండేది ఇల్లినాయ్‌లో, మా తమ్ముడు పోయినేడు ఆర్మీ నేషనల్ గార్డ్‌లో (పార్ట్‌టైమ్ సైనిక దళం) చేరాడు, నెలకో వీకెండ్ డ్రిల్ ప్లస్ ఏడాదికి రెండు వారాల ట్రైనింగ్, మొత్తం 6,000 డాలర్ల దాకా వచ్చింది. రెగ్యులర్ జాబ్ డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కట్ అయిన ట్యాక్స్ చూపే ఫారం) వేరే ఉంది. ఈ 6,000 మీద స్టేట్ ట్యాక్స్ పడుతుందా?

జవాబు 1: ఫెడరల్‌కి పడుతుందండి, అందులో డౌట్ లేదు. స్టేట్‌కి మాత్రం ఇల్లినాయ్‌లో గార్డ్, రిజర్వ్ పే మొత్తం తీసేయొచ్చు, కాకపోతే దానంతటదే పోదు, స్టేట్ రిటర్న్‌తో పెట్టే షెడ్యూల్ ఎం అనే ఫారంలో మీరే చూపించాలి, చాలామంది ఇక్కడే మిస్ అవుతారు. రేటు 4.95 శాతం కదా, 6,000కి 297 డాలర్లు మిగులుతాయి, ఊరికే ఎందుకు వదలడం.

జవాబు 2: అన్ని స్టేట్లూ ఇలా ఉండవు బ్రో. కెంటకీ, మిషిగన్‌లో కూడా మాఫీ ఉంది, టెక్సస్, ఫ్లోరిడాలో అసలు ఇన్‌కమ్ ట్యాక్సే లేదు. వర్జీనియాలో అయితే లిమిట్ ఉంది, ర్యాంక్ కూడా చూస్తారు. ఇల్లు మారితే రూల్ మళ్లీ చూసుకోండి.

ప్రశ్న వేసినాయన: అయ్యో, రిటర్న్ ఆల్రెడీ ఫైల్ చేసేశాడే!

జవాబు 1: ఏం పర్లేదు, ఐఎల్-1040-ఎక్స్ (ఇల్లినాయ్ రిటర్న్ సవరించే ఫారం) వేసి సరిచేసుకోవచ్చు. ఇంకోటి, డ్రిల్‌కి 100 మైళ్లు దాటి వెళ్తుంటే ఆ ప్రయాణం ఖర్చు ఫెడరల్‌లో ఫారం 2106 (ఉద్యోగం కోసం పెట్టిన ఖర్చులు చూపే ఫారం)తో ఆదాయం నుంచి తగ్గించుకోవచ్చు, యూనిట్ తిరిగి ఇవ్వని ఖర్చయితేనే.